గంజి ఆరేలోగా

పదకొండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న షమీమ్ తన కళ్లను తప్ప దేన్నీ నమ్మదు. డోన్ దారిలో ఉన్న ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎందరు డాక్టర్లు వచ్చిపోయినా, మలేరియా అయినా క్షయ అయినా, షమీమ్ ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. అలాంటి షమీమ్ ఒకే మనిషి విషయంలో మూడుసార్లు తప్పు రాసింది. ఆ తప్పు పుణ్యమా అని పాతికేళ్ల పిల్ల గర్భసంచి పోబోయింది.

ఆ పిల్ల పేరు పవిత్ర. పద్దెనిమిది కిలోమీటర్ల అవతల సుంకులపల్లె చేనేత కాలనీలో కోడలు. మూడేళ్ల కూతురుంది. ఆ తర్వాత కడుపొచ్చి ఎనిమిదో నెలలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. మాఘమాసం చలిలో ఒక గురువారం పొద్దున్నే చేతిలో ప్లాస్టిక్ కవరుతో ల్యాబు గడపలో నిలబడింది.

"అక్కా, రక్తం ఎంతుండాదో చూసి రాసిస్తావా? సోమవారం ఆపరేషన్ పెట్టినారు."

"ఏం ఆపరేషను?"

"గర్భసంచి తీసేస్తారంట. నాలుగేండ్ల నుంచి తెల్లబట్ట తగ్గల్యా. దురద, వాసన, కూచోలేను, నిలబడలేను. టౌన్లో ప్రైవేటు డాక్టరుకి నీ కాగితాలు చూపిస్తిమి. మూడుసార్లు చూసినా పురుగు లేదని రాసిందంటే లోపల సంచే పాడైనట్టు, పెట్టుకుంటే క్యాన్సరవుతాదని చెప్పె."

నీ కాగితాలు అన్న మాట షమీమ్‌కు తగలాల్సిన చోటే తగిలింది. కవరు లాక్కుని చూసింది. మూడు కాగితాలూ తనవే. మూడింటి మీదా తన గుండ్రటి సంతకం.

సుంకులపల్లె ఆడవాళ్లకు తెల్లబట్ట కొత్త కాదు. అక్కడ దాన్ని రోగమని కూడా అనుకోరు, మగ్గం వేడి అంటారు. గుంతమగ్గంలో కాళ్లు దించి పొద్దస్తమానం కూచుంటే నేలలోంచి వేడి పైకెక్కుతుందని వాళ్ల నమ్మకం. దానికి సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు, బార్లీ కాచుకుంటారు, మజ్జిగ పోసుకుంటారు. ఏదీ పనిచేయకపోతే ముప్పై దాటగానే టౌనుకు పోయి గర్భసంచి తీయించుకుని వస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. కాకపోతే ఇల్లు మాత్రం ఎప్పుడూ ఆడదానిదే.

షమీమ్‌కు మనసు ఊరుకోలేదు. పక్క గదిలోని డాక్టరమ్మను బతిమాలి, అక్కడికక్కడే పవిత్ర నమూనా తీయించింది. చలికి చల్లబడకూడదని సెలైన్ బుడ్డిని చంకలో పెట్టుకుని వెచ్చజేసి, ఒక చుక్క గాజుపలక మీద వేసి, నమూనా కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కన్ను ఆనించగానే కనబడ్డాయి. తెల్లకణాల మధ్య తోకలున్న జీవులు, గంపలో పడ్డ చేపపిల్లల్లా ఎగిరెగిరి పడుతున్నాయి.

ట్రైకోమొనాస్. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప బతికున్నదాన్ని ఆమె చూడటం అదే మొదలు. ఎయిడ్స్ పేరు ఊరూరా గోడల మీద ఉంటుంది. దీని పేరు ఏ గోడ మీదా ఉండదు. కదిలినంతసేపే ఇది కనబడుతుంది. చల్లబడితే ముడుచుకుని తెల్లకణాల్లో కలిసిపోతుంది, ఆపైన దేవుడు కూడా పోల్చుకోలేడు. సుంకులపల్లె నర్సు సంతోషమ్మ తీసి పంపిన నమూనాలు బస్సెక్కి, రెండు చోట్ల ఆగి, మూడు గంటల తర్వాత ల్యాబుకు చేరేవి. చచ్చినవాటిని చూసి షమీమ్ లేవని రాసింది. ల్యాబు పక్కనే ఇల్లున్న ఆడదైతే మొదటిసారే బయటపడేది. పవిత్రకు పద్దెనిమిది కిలోమీటర్లు అడ్డమొచ్చాయి.

"నీ గర్భసంచికి ఏం కాలేదమ్మా" అంది డాక్టరమ్మ. "ఇది ఒక్కపూట మాత్రలతో పోతుంది. కానీ నీ భర్త కూడా మింగాలి. కవరులో చీటీ చూశా, ఇంతకుముందు సంతోషమ్మ తెల్లబట్టకని ఇచ్చిన మాత్రలు నువ్వొక్కదానివే మింగావు కదా, అందుకే నెల తగ్గి మళ్లీ వచ్చింది."

పవిత్ర ముఖంలో సంతోషం రావాల్సింది, రాలేదు. "అంటే... ఇది అట్లాంటి రోగమా మేడమ్?"

"అవును. మొగుడూ పెళ్లాల మధ్య అంటుకునేదే."

పవిత్ర కాగితాలన్నీ కవరులో పెట్టుకుంది. "అయితే వద్దులెండి. ఈ మాట మా అత్త చెవిన పడితే నన్ను గడప లోపల ఉంచదు. ఎవునితో పోయినావని అడుగుతారు. కడుపు కోయించుకుంటే ఎవురూ ఏమీ అనరు గదక్కా."

ఆ మాటకు షమీమ్‌కు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఒక్కపూట మాత్రల పేరు చెప్పడం కంటే కడుపు కోయించుకోవడం సులువనుకునే పిల్లకు తన మూడు సంతకాలూ కత్తి చేతికిచ్చాయి. "నీ మాత్రలు దగ్గర పెట్టుకో. శనివారం నేనే మీ ఊరికి వస్తాండా. నీ పేరు నా నోటి నుంచి రాదు. సోమవారం దాకా ఓపిక పట్టు" అంది.

ఇక డాక్టరమ్మను ఒప్పించాలి. ల్యాబులో ఉన్న కరెంటు మైక్రోస్కోపు కదిపితే కదిలేది కాదు. కానీ బీరువాలో ఒక పాతది ఉంది, అద్దం తిప్పి ఎండ పట్టిస్తే చాలు పనిచేస్తుంది. "అది ప్రభుత్వం సొత్తు, పగిలితే నా జీతంలో కోస్తారు" అని డాక్టరమ్మ గొణిగింది. గొణుగుతూనే సంతకం పెట్టింది. మంచివాళ్లలో కొందరికి గొణగకపోతే మంచిపని చేతికి రాదు.

శనివారం షమీమ్ ఆటోలో మైక్రోస్కోపును పాత బొంతలో చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని సుంకులపల్లెకు చేరింది. సంతోషమ్మ ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంచింది. విలేజ్ క్లినిక్కు కిటికీ దగ్గర ఎండ పడేచోట బల్ల వేశారు. లోపలి గదిలో సంతోషమ్మ నమూనా తీయడం, కిటికీ దగ్గర షమీమ్ చూడటం. మధ్యలో నాలుగే అడుగులు. మధ్యాహ్నానికి పద్నాలుగు మంది వచ్చారు. తొమ్మిది మందిలో ఆ తోకపురుగులు ఈదుతున్నాయి. ఎవరిది వాళ్లకే, చెవిలో చెప్పి, మొగుడితో కలిసే మింగమని మాత్రలు చేతిలో పెట్టి పంపింది షమీమ్.

అప్పుడొచ్చింది హనుమమ్మ. పవిత్ర అత్త. యాభై వచ్చినా మనిషి నిటారుగా ఉంటుంది. ఆ కాలనీలో పెళ్లి కుదరాలన్నా, తగాదా తెగాలన్నా ఆమె మాట పడాల్సిందే. పోలీసు జీపు వస్తే పక్కకు జరగని మగవాళ్లు హనుమమ్మ వస్తే జరుగుతారు. వెనకాలే పవిత్ర, తల వంచుకుని.

"ఏమ్మే, ఏందో డబ్బా తెచ్చి మా ఆడోళ్లకి లేనిపోని రోగాలు అంటగడతాండావంట? మగ్గం వేడికి పేరు పెడతాండావా? మా కాలనీలో ముప్పై దాటినోళ్లకు గర్భసంచి యాడుండాది? నాది ఇరవై ఎనిమిదికే తీసినారు. బతకల్యా నేను?"

గదిలో ఉన్న ఆడవాళ్లంతా చెంగులు సర్దుకున్నారు. షమీమ్‌కు లోపల అదురుగానే ఉంది. కానీ మూడు సంతకాల బరువు ఆ అదురుకంటే పెద్దది.

"బతికినావు పెద్దమ్మా. ఒక్కటి అడుగుతా, ఒట్టు పెట్టుకుని చెప్పు. సంచి తీసినాంక తెల్లబట్ట తగ్గిందా?"

హనుమమ్మ కిటికీ దగ్గరి మైక్రోస్కోపు వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పని సంగతి అది. ఆపరేషన్‌ ఖర్చుకు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు అందరూ తలా ఒక చెయ్యి వేశారు. అంతా అయ్యాక కూడా తగ్గలేదని ఏ ముఖంతో చెబుతుంది? నోరు మూసుకుని సబ్జా నీళ్లు తాగింది. ఆ మౌనం చూసే మిగతా ఆడవాళ్లు ఆపరేషన్‌తో తగ్గుతుందనుకున్నారు. ఒకరి వెనక ఒకరు టౌను బస్సెక్కారు.

"తగ్గలే" అంది చివరికి. "ఇంగా ఉండాది."

చుట్టూ ఉన్నవాళ్లలో ఆపరేషన్ అయినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నాకూ తగ్గలేదక్కా" అంది ఒకామె. "నాకూ" అంది ఇంకొకామె. అందరూ ఎవరికి వారు తమ ఒంట్లోనే ఏదో లోపముందనుకుని ఏళ్లకేళ్లు నోరు మూసుకున్నవాళ్లే.

హనుమమ్మ సంతోషమ్మ వెంట లోపలి గదిలోకి పోయింది. అయిదు నిమిషాల తర్వాత షమీమ్ ఆమెను స్టూలు మీద కూచోబెట్టి, ఒక కన్ను మూయించి, రెండో కన్ను మైక్రోస్కోపుకు ఆనించింది. వెంట్రుకంత సన్నటి నూరోనంబరు నూలులో తెగిన పోగును దీపం వెలుతురులోనే పట్టే కళ్లవి. హనుమమ్మకు వెంటనే కనబడ్డాయి.

"కదుల్తాండాయి గదమ్మే... నాయివేనా ఇవి?"

"నీవే పెద్దమ్మా. ఇవి ఉండేది సంచిలో కాదు, దాని కింద దారిలో. అందుకే సంచి తీసినా పోలేదు."

చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది. "మా కోడలికీ ఇదేనా?"

"ఎవురిది వాళ్లకే చెప్తా. నీ కోడలి సంగతి నీ కోడల్నే అడుగు."

పవిత్ర గోడ వదిలి ముందుకొచ్చింది. "ఉండాదత్తా. గురువారమే తెలిసె. నువ్వు ఏమంటావోనని చెప్పలేదు. నేను యాడికీ పోలేదత్తా."

హనుమమ్మ కోడలి వైపు చూసింది. "నేను మాత్రం పోయినానా?" అంది.

ఆ ఒక్క మాటతో పవిత్ర బావురుమంది. హనుమమ్మకు ఓదార్చడం చేతకాదు, కోడలి వీపు మీద ఒక్కటి చరిచి ఊరుకుంది. ఆ తర్వాత షమీమ్ వైపు తిరిగింది. మొగుళ్లు మింగకపోతే ఈ మాత్రలన్నీ బూడిదలో పోసిన పన్నీరేనని విని కాసేపు ఆలోచించింది. మగవాళ్లను పిలిస్తే క్లినిక్కుకు రారు. ఇంటికి పోతే పనుందని జారుకుంటారు. ఒకడు కాదంటే మిగతావాళ్లంతా వాడి వెనకే.

"రేపు తెల్లారి మా ఇంటి పడుగుకు గంజి పెడతాండాము" అంది. "పదహైదు మంది మగోళ్లు పట్టుకుంటారు. గంజి ఆరేదాకా ఒక్క నా కొడుకు కూడా చెయ్యి తియ్యలేడు. డాక్టరమ్మను పిలుచుకోని ఏడు గంటలకు రా."

నేతగాళ్ల ఊళ్లో పడుగుకు గంజి పెట్టడం అంటే ఒక్క ఇంటి పని కాదు. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, అదే పడుగు, వీధి పొడవునా సాగదీసి, చివర్లు బిగించి, గంజి పూసి కుంచెలతో దువ్వుతారు. అటూ ఇటూ మగవాళ్లు నిలబడి దాన్ని లాగి పట్టుకోవాలి. ఒక్కడు వదిలినా తడి పోగులన్నీ అంటుకుపోయి పడుగు మొత్తం చెత్తబుట్ట పాలు. ఈరోజు నా ఇంటికి నువ్వు, రేపు నీ ఇంటికి నేను అన్నది అక్కడి కట్టుబాటు. దాన్ని మధ్యలో వదిలి పోయినవాడికి తర్వాత పెళ్లికైనా చావుకైనా మనిషి దొరకడు.

ఆదివారం ఏడు గంటలకు మంచు ఇంకా విడవలేదు. తెల్లటి పడుగు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు సాగి ఉంది. ఈ కొసన హనుమమ్మ మొగుడు చిన్నన్న, ఆయన పక్కన కొడుకు గోపీ, తర్వాత వరసగా కాలనీ మగవాళ్లు. గంజి పూయడం అప్పుడే అయింది. షమీమ్, సంతోషమ్మ, గొణుక్కుంటూ డాక్టరమ్మ వీధిలోకి వచ్చారు. వాళ్ల వెనక చెంబులతో నీళ్లు పట్టుకుని ఆడవాళ్లు వస్తుంటే మగవాళ్లకు ఏదో తేడాగా అనిపించింది. కానీ చేతులు ఖాళీ లేవు.

షమీమ్ చెప్పాల్సింది చెప్పింది. ఇది మగ్గం వేడి కాదని, పురుగని. ఆడవాళ్లను ఏడిపిస్తుందని, మగవాళ్ల ఒంట్లో మాత్రం చడీచప్పుడు లేకుండా నెలలు, ఏళ్లు దాక్కుంటుందని. ఇద్దరూ ఒకేసారి మింగితే పోతుందని, ఒకరే మింగితే మళ్లీ వస్తుందని.

గోపీకి కోపం వచ్చింది. "మాకేం రోగముండాదని మింగల్ల? సరే, పురుగే అనుకో. మా ఆడోళ్లకి యాన్నుంచి వచ్చె? అది చెప్పు ముందు."

షమీమ్ రెండు రోజులుగా భయపడుతున్న ప్రశ్న అదే. పవిత్ర అత్త పక్కకు జరిగింది.

"ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో చెప్పే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు" అంది షమీమ్. "చెప్తామన్నోడు అబద్ధం చెప్పినట్టే."

"ఆ పురుగు నాకుండాది" అంది హనుమమ్మ, వీధి మధ్యకు వచ్చి. "ఇరవై రెండేండ్లకు పైగా ఉండాది. నేను యాడికి పోయినానో అడగండప్పా. రాండి, ఎవురడుగుతారో నా ముందుకొచ్చి అడగండి."

ఎవరడుగుతారు? తేలు కుట్టిన దొంగల్లా అందరూ పడుగు వైపే చూస్తున్నారు. అప్పుడు ఈ కొస నుంచి చిన్నన్న గొంతు వినబడింది. ఆయన మాట్లాడటమే తక్కువ, ఆయన వాటా మాటలు కూడా హనుమమ్మే మాట్లాడుతుంది.

"ఆమె యాడికీ పోలే. పెండ్లయిన కొత్తల్లో సోలాపూర్ మిల్లులో మూడేండ్లు పన్జేస్తి. నేను పోయింటి." ఆయన తల ఎత్తలేదు. చేతులు మాత్రం పడుగును వదల్లేదు. "ఇయ్యి ఆ మాత్ర."

హనుమమ్మ ఆ నిమిషంలో ఏమైనా చేయగలిగేది. కొట్టినా ఆయన చేతులు అడ్డం పెట్టలేడు. ఆమె డాక్టరమ్మ చేతిలోంచి మాత్రలు తీసుకుని, ఒకటొకటిగా మొగుడి నోట్లో పెట్టి, చెంబెత్తి నీళ్లు పోసింది. నీళ్లు ఆయన చొక్కా మీద ఒలికాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తండ్రి మింగాక గోపీకి అడగడానికి ఏం మిగులుతుంది? పవిత్ర చెంబుతో దగ్గరికి రాగానే నోరు తెరిచాడు. "సోమవారం యాడికీ పోవాల్సిన పని ల్యాదు" అన్నాడు, మింగాక, మెల్లగా. ఆ తర్వాత వీధి పొడవునా అదే పని. చేతులు పడుగుకు అంకితమైపోయిన పదిహేను మంది మగవాళ్లు పిచ్చుక పిల్లల్లా నోళ్లు తెరవడం, పెళ్లాలు మాత్రలు వేసి నీళ్లు పోయడం. ఒకామె కావాలనే ఎక్కువ పోసి మొగుణ్ణి తడిపింది. ఆడవాళ్లకు నవ్వాగలేదు. చివరికి మగవాళ్లూ నవ్వారు. "మూడు దినాలు మందు ముట్టరాదు, వారం దినాలు పెండ్లాము జోలికి పోరాదు" అని సంతోషమ్మ గట్టిగా చెప్పినప్పుడు మాత్రం ఆ నవ్వు సగం ఆగిపోయింది. ఇంట్లో మాత్రలు వేసుకోవాల్సిన ఆడవాళ్లు కూడా అక్కడే, అందరి ముందే వేసుకున్నారు. గంజి ఆరేలోగా ఆ వీధిలో మింగని నోరు లేదు.

ఎండ ఎక్కాక హనుమమ్మ టౌను ఆసుపత్రికి తనే ఫోన్ చేసి ఆపరేషన్ వద్దని చెప్పింది. అవతల ఎవరో క్యాన్సరని భయపెట్టబోతే, "నీ పేరేందప్పా, మా డాక్టరమ్మ పక్కనే ఉండాది, ఆమెతో మాట్లాడు" అంది. అవతల ఫోన్ పెట్టేశారు.

షమీమ్ నిన్నటి నుంచి క్లినిక్కులోనే ఉన్న మైక్రోస్కోపును బొంతలో చుడుతుంటే హనుమమ్మ వచ్చి పక్కన కూచుంది.

"షమీమా, అయితే నాది ఊరికే తీసినారా?"

అబద్ధం చెబితే బాగుండుననిపించింది షమీమ్‌కు. కానీ ఆ కాగితాల తర్వాత ఇక ఎవరికీ తప్పు చెప్పదలచుకోలేదు. "ఔ పెద్దమ్మా. ఊరికే తీసినారు."

హనుమమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం ఆ కాలనీలో ఎవరూ చూడలేదు. షమీమ్ చూసింది. గోపీ తర్వాత ఇంకో బిడ్డ కావాలని ఎంత ఆశ పడిందో, అప్పుడే చెప్పింది. షమీమ్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆటో వచ్చినా లేవలేదు.

మూడు నెలలకు మళ్లీ పరీక్షలు చేశారు. మొదట దొరికినవాళ్లలో ఒక్కరిలోనూ ఏదీ కదల్లేదు. ఆ వారంలోనే సంత రోజున ఆరోగ్య కేంద్రం ముందు ఒక ట్రాక్టరు ఆగింది. దాని నిండా పక్కూరి ఆడవాళ్లు, కొందరి చేతుల్లో టౌను ఆసుపత్రి కవర్లు. ముందు హనుమమ్మ దిగింది, ఆమె వెనకాలే పవిత్ర దిగింది.

"వీళ్లందరికీ సంచులు తీయించుకోమని చెప్పినారంట" అంది హనుమమ్మ ల్యాబు గడపలో నిలబడి. "నాది పోయె. ఇంగొకర్తెది పోనియ్యను. డబ్బా తియ్యి షమీమా."